సర్వర్ లాగ్‌లు నేరుగా డేటాబేస్‌లోకా? ముందు ఫైల్‌లోకి రానివ్వండి

జంషెడ్‌పూర్‌లో లాగ్ బుక్ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమల్లోకి వచ్చిన ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు అది. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ షిఫ్టుల లెక్కన బతుకు నడిపినవారు ఎందరో ఉన్నారు. డ్యూటీ దిగేవారు డ్యూటీ ఎక్కేవారికి యంత్రంతో పాటు ఒక పుస్తకాన్నీ అప్పగిస్తారు. ఏ మోటారు ఎన్ని గంటలకు ఆగింది, ఎవరికి కబురు పెట్టారు, మళ్లీ ఎప్పుడు తిరిగింది, అన్నీ వరుసగా అందులో ఉంటాయి. తప్పు రాస్తే చెరపరు. అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, కింద సరైనది రాస్తారు.

కంప్యూటర్ సర్వర్ రాసుకునే లాగ్ ఫైల్ కూడా అలాంటి పుస్తకమే. మనిషికి బదులు ప్రోగ్రాం రాస్తుంది. షిఫ్టుకు పది ఎంట్రీలకు బదులు సెకనుకు పదో, వందో రాస్తుంది. ఈ పుస్తకాన్ని మామూలు ఫైల్‌గా ఉంచాలా, నేరుగా డేటాబేస్‌లోనే రాయించాలా అన్నది ప్రోగ్రామర్ల మధ్య ఎప్పటినుంచో ఉన్న తగువు. చాలాకాలం అది వాళ్ల ఇంటి గొడవగానే ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలతో పరిస్థితి మారింది. సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థలన్నిటి లాగ్‌లనూ 180 రోజుల పాటు భద్రంగా ఉంచాలని, ఏదైనా సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలని అందులో ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు కొంత గడువిచ్చి, అదే ఏడాది సెప్టెంబరు 25 నుంచి వర్తింపజేశారు.

దాంతో ఏనాడూ లాగ్‌ల మొహం చూడని చిన్న కంపెనీలు కూడా వాటిని ఎక్కడ పెట్టాలని ఆలోచించాల్సి వచ్చింది. చాలామందికి ముందుగా తట్టే సమాధానం డేటాబేస్. అది ఎలాగూ ఉంది కదా, ఇంకో టేబుల్ చేర్చి అందులో పడేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. ముందే చెప్పేస్తాను: లాగ్‌లను డేటాబేస్‌లో ఉంచడం తప్పు కాదు. కానీ నేరుగా అందులోనే రాయించడం, అక్కడ తప్ప ఇంకెక్కడా లేకుండా చేయడం చిక్కులు తెచ్చిపెడుతుంది.

ఖర్కాయి అవతల ఒక చిన్న యూనిట్

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ వస్తుంది. టాటా మోటార్స్ వంటి పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న, మధ్యతరహా యూనిట్లు అక్కడ వందల్లో ఉన్నాయి. అలాంటి ఒక యూనిట్‌ను ఊహించుకుందాం. ఆర్డర్లు, స్టాక్, బిల్లులు నడిపే ఒక సాఫ్ట్‌వేర్, దాని వెనక ఒక డేటాబేస్, ఒక వెబ్‌సైట్, ఒక ఫైర్‌వాల్, గేటు దగ్గర వేలిముద్రల హాజరు యంత్రం. వీటన్నిటినీ చూసుకోవడానికి ఒకే ఒక్క మనిషి. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుపోయినా అతన్నే పిలుస్తారు.

ఈ యంత్రాల్లో ప్రతిదీ తన పుస్తకం తను రాసుకుంటుంది. వెబ్ సర్వర్ రాసే ఒక్క వాక్యంలో తేదీ, సమయం, అడిగినవారి ఐపీ చిరునామా, ఏ పేజీ అడిగారు, సర్వర్ ఏం జవాబిచ్చింది అన్నవి ఉంటాయి. జవాబు 200 అయితే పని జరిగినట్టు, 404 అయితే అడిగింది దొరకనట్టు, 500 అయితే సర్వర్ లోపలే ఏదో చెడినట్టు. ఇలా ప్రోగ్రాంలు తమ సంగతులను ఒకే తీరులో పంపుకునే సిస్‌లాగ్ పద్ధతిని 1980లలో ఎరిక్ ఆల్‌మన్ రూపొందించాడు. సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం కోసం పుట్టిన ఆ ఏర్పాటునే ఈనాటికీ రౌటర్ల నుంచి సూపర్ కంప్యూటర్ల దాకా వాడుతున్నాయి.

ఇప్పుడు యజమాని ఒక ప్రశ్న వేస్తాడు: మొన్న మంగళవారం రాత్రి రెండు నుంచి మూడు గంటల మధ్య మన సాఫ్ట్‌వేర్‌లోకి తప్పు పాస్‌వర్డ్‌తో యాభైకి పైగా సార్లు ప్రయత్నించింది ఎవరు? వాళ్లు ఫైర్‌వాల్ దగ్గర కూడా కనిపించారా? ఫైల్‌లలో వెతకాలంటే రెండు యంత్రాల్లోకి వెళ్లి, రెండు వేరువేరు తీరుల్లో రాసిన వాక్యాలను ఏరి, సమయాలు సరిపోల్చుకోవాలి. అదే డేటాబేస్‌లో ఉంటే ఎస్‌క్యూఎల్‌లో నాలుగు వరుసల ప్రశ్న రాస్తే చాలు. లాగ్‌లను డేటాబేస్‌లో పెట్టాలనే వాదనకు అసలు బలం ఇదే. ఆ బలాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. అడిగినప్పుడు జవాబు దొరకని పుస్తకం ఉన్నా లేనట్టే.

లెక్క వేసి చూస్తే

ఈ యూనిట్‌లోని యంత్రాలన్నీ కలిసి సెకనుకు 20 వాక్యాలు రాస్తాయనుకుందాం. ఫైర్‌వాల్ ఉన్నచోట ఇది పెద్ద సంఖ్యేమీ కాదు. రోజుకు 86,400 సెకన్లు, అంటే 17 లక్షల 28 వేల వాక్యాలు. వాక్యానికి 250 బైట్ల చొప్పున రోజుకు 432 మెగాబైట్లు. చట్టం అడిగిన 180 రోజులకు 31 కోట్లకు పైగా వాక్యాలు, దాదాపు 78 గిగాబైట్లు.

లాగ్ వాక్యాలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. తేదీ, ఐపీ, పేజీ పేర్లు పదేపదే వస్తాయి. అందుకే జిప్ చేస్తే పదో వంతుకు తగ్గడం మామూలే. అంటే ఫైల్‌గా మూటగట్టి పెడితే ఆరు నెలల పుస్తకం దాదాపు 8 గిగాబైట్లలో, ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది.

అదే సరుకును పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్ వంటి మామూలు డేటాబేస్‌లో ఒక్కో వరుసగా పెడితే పరిమాణం తగ్గకపోగా పెరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి వరుసకూ 23 బైట్ల తలకట్టు ఉంటుంది. ఏ లావాదేవీ ఈ వరుసను రాసింది, ఎవరికి కనిపించాలి వంటి లెక్కలు అందులో ఉంటాయి. పైగా సమయం మీద ఒక ఇండెక్స్, ఐపీ మీద ఒకటి, యూజర్ పేరు మీద మరొకటి పెట్టకపోతే 31 కోట్ల వరుసల్లో వెతకడం అయ్యే పని కాదు. పెడితే, కొత్త వాక్యం వచ్చిన ప్రతిసారీ ఒక్క టేబుల్‌కు బదులు నాలుగు చోట్ల రాయాలి.

డేటాబేస్ ఈ బరువంతా మోసేది ఊరికే కాదు. బ్యాంకు ఖాతాలో డబ్బు ఒకచోట తగ్గి మరోచోట పెరగకపోతే కొంపలు మునుగుతాయి. కరెంటు పోయినా, సగంలో ఆగినా లెక్క తప్పకూడదు. అందుకోసం ఏ మార్పునైనా అసలు టేబుల్‌లో స్థిరపరిచే ముందు అది తన సొంత లాగ్‌లో రాసుకుని, ఆ రాత డిస్కు మీద పడిందని నిర్ధారించుకున్నాకే సరే అంటుంది. ఈ పద్ధతికి పకడ్బందీ రూపం ఇచ్చిన ఏరీస్ అనే పరిశోధన పత్రం 1992లో వచ్చింది. దాని ముఖ్య రచయిత, ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్ మన ఐఐటీ మద్రాసు విద్యార్థి. అంటే మన లాగ్ వాక్యాన్ని డేటాబేస్‌కు ఇస్తే, అది ముందు తన లాగ్‌లో రాసి, తర్వాత టేబుల్‌లో, ఆపై ఇండెక్సుల్లో రాస్తోందన్నమాట. ఒక పుస్తకాన్ని దాచడానికి ఇంకో పుస్తకం.

వాక్యానికొకసారి డిస్కు దాకా వెళ్లి రావడం ఎంత భారమో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పాత రకం హార్డ్ డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక్కో రాతకు ఒక్కో చుట్టు అనుకుంటే సెకనుకు వంద పైచిలుకు నిర్ధారణలు, అంతే. వీటిలో లాగ్‌లు ఎన్ని మింగితే బిల్లులకు అన్ని తక్కువ. కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కుల్లో ఈ ఇబ్బంది చాలా తగ్గిపోయింది. వెయ్యి వాక్యాలను ఒక్క కట్టగా కట్టి ఒకేసారి ఇస్తే ఇంకా తగ్గుతుంది. అయితే కట్ట కట్టాలంటే వాక్యాలు కాసేపు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఎక్కడ ఆగాలన్న ప్రశ్న దగ్గరే కథంతా ఉంది.

చెడిన క్షణంలో ఎవరు రాస్తారు

లాగ్ అవసరం పడేది అన్నీ సజావుగా ఉన్నప్పుడు కాదు. రాత్రి పదకొండున్నరకు డేటాబేస్ మొరాయించింది అనుకుందాం. డిస్కు నిండింది, లేదా కనెక్షన్లన్నీ అయిపోయాయి. ఆ సంగతిని సాఫ్ట్‌వేర్ ఎక్కడ రాయాలి? డేటాబేస్‌లోనే రాయమని చెప్పి ఉంచాం. అది తలుపు తీయడం లేదు. ఏ వాక్యం కోసమైతే ఈ ఏర్పాటంతా చేశామో సరిగ్గా ఆ వాక్యమే గాలిలో కలిసిపోతుంది. మర్నాడు చూస్తే 11 గంటల 29 నిమిషాల దాకా అంతా మామూలు, ఆ తర్వాత ఖాళీ.

ఇంకో రకం ప్రమాదం మరింత మాయగా ఉంటుంది. డేటాబేస్‌లో లావాదేవీ మధ్యలో విఫలమైతే అప్పటిదాకా చేసిన మార్పులన్నీ వెనక్కి పోతాయి. దాన్నే రోల్‌బ్యాక్ అంటారు. బిల్లు తయారు చేసే కోడ్, లాగ్ రాసే కోడ్ ఒకే లావాదేవీలో ఉంటే, బిల్లు విఫలమైనప్పుడు బిల్లుతో పాటు బిల్లు విఫలమైందన్న వాక్యం కూడా చెరిగిపోతుంది. విజయాలన్నీ నమోదవుతాయి, వైఫల్యాలు మాత్రం ఆనవాలు లేకుండా పోతాయి. ఇలాంటి టేబుల్‌ను ఆర్నెల్లు చూసిన మేనేజరుకు తమ సాఫ్ట్‌వేర్ అంత చక్కనిది ఇంకోటి లేదనిపిస్తుంది.

వీటికి తోడు ఒక విషవలయం ఉంది. డేటాబేస్ నెమ్మదించిందని సాఫ్ట్‌వేర్ ఫిర్యాదులు రాస్తుంది. ఆ ఫిర్యాదులు కూడా డేటాబేస్‌లోకే వెళ్లాలి కాబట్టి అది ఇంకా నెమ్మదిస్తుంది. దాంతో ఫిర్యాదులు ఇంకా పెరుగుతాయి. లాగ్ టేబుల్ పెరిగి డిస్కు నిండితే, అదే డిస్కు మీదున్న ఆర్డర్లు, బిల్లులు కూడా ఆగిపోతాయి. గేటు దగ్గర సరుకు లోడుతో లారీ నిలబడి ఉంటుంది. కాగితం రాదు.

రేషన్ దుకాణంలో రాయని పేజీ

ఇది యంత్రాల గోల మాత్రమే అనుకోవద్దు. సర్వర్‌లో నమోదైందే జరిగిందని, నమోదు కానిది జరగలేదని లెక్క కడితే ఏమవుతుందో జార్ఖండ్‌లో రేషన్ కార్డులున్నవారికి అనుభవమే.

ఆ రాష్ట్రంలో రేషన్ ఇవ్వడానికి వేలిముద్రతో ఆధార్ నిర్ధారణ చేసే ఈ-పాస్ యంత్రాలు పెట్టారు. నెట్‌వర్క్ ఉన్నచోట ఆన్‌లైన్‌లో, లేనిచోట ఆఫ్‌లైన్‌లో, అటూ ఇటూగా ఉన్నచోట రెండు రకాలుగానూ పనిచేసేలా వేరువేరు యంత్రాలు ఉండేవి. వేలిముద్ర సరిపోలకపోతే ఆధార్ వ్యవస్థ నుంచి 300 అనే ఎర్రర్ కోడ్ తిరిగొస్తుంది. అంటే ఆ వైఫల్యానికి ఒక గుర్తు మిగులుతుంది. నెట్‌వర్కే లేక అభ్యర్థన సర్వర్ దాకా వెళ్లకపోతే? అప్పుడు సర్వర్ దృష్టిలో ఆ మనిషి ఆ రోజు దుకాణానికి రానేలేదు. మూడు కిలోమీటర్లు నడిచొచ్చి, వరుసలో నిలబడి, నాలుగుసార్లు వేలు పెట్టి, ఉత్త సంచితో తిరిగి వెళ్లినా అంతే. యంత్రం తన దగ్గర ఒక ఫైల్‌లో రాసుకుని తర్వాత పంపితే తప్ప ఆ నాలుగు ప్రయత్నాలకు ఉనికి లేదు.

2017 జులై నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. యంత్రాల్లో నమోదైన లావాదేవీలను బట్టి డీలరు దగ్గర ఎంత ధాన్యం మిగిలి ఉండాలో లెక్కగట్టి, తర్వాతి కేటాయింపుల్లో ఆ మేరకు తగ్గించడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ జార్ఖండ్‌లోని పది జిల్లాల్లో చేసిన అధ్యయనం ఈ రెండు దశలనూ విడివిడిగా పరిశీలించింది. వేలిముద్రల నిర్ధారణ ఒక్కటే ధాన్యం పక్కదారి పట్టడాన్ని పెద్దగా తగ్గించలేదని, కార్డుకు ముందుగా ఆధార్ జతచేయని లబ్ధిదారులకు అందే ప్రయోజనం మాత్రం 10 శాతం తగ్గిందని తేల్చింది. నమోదైన లావాదేవీలతో కేటాయింపులు ముడిపెట్టిన తర్వాత పక్కదారి పట్టడం బాగా తగ్గింది. దాంతో పాటే అర్హులకు అందేదీ గణనీయంగా తగ్గింది.

జార్ఖండ్ వ్యవహారం అంతా లాగ్‌ల లోపం అనడం అతిశయోక్తి అవుతుంది. కార్డుల రద్దు, ఆధార్ జతచేయడంలో తప్పులు, డీలర్ల చేతివాటం, పాత నిల్వలను ఒక్కసారిగా లెక్కలోకి తేవడం, ఇన్ని కారణాలున్నాయి. అయినా ఒక్క విషయం మాత్రం ఆదిత్యపూర్ యూనిట్‌కూ రేషన్ దుకాణానికీ సమానమే. కేంద్రంలోని టేబుల్ తన దాకా వచ్చినదాన్నే చెబుతుంది. రానిదాని గురించి చెప్పగలిగేది, ఘటన జరిగిన చోటే మొదట రాసిపెట్టిన ఫైల్.

కోర్టుకు కావాల్సింది ఏ ప్రతి

మళ్లీ చట్టం దగ్గరికి వద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని సాక్ష్యంగా ఇవ్వాలంటే ధ్రువపత్రం జతచేయాలి. పాత చట్టంలోని 65బీ కింద ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టం చేసింది. కొత్త చట్టం ఇచ్చిన నమూనాలో ఇంకోటి చేరింది. ఆ రికార్డు హ్యాష్ విలువ ఎంతో, షా-256 వంటి ఏ పద్ధతిలో దాన్ని లెక్కించారో రాయాలి.

హ్యాష్ అంటే ఒక ఫైల్ మొత్తానికి వేసే వేలిముద్ర లాంటిది. ఒక్క చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. నిన్నటి లాగ్ ఫైల్ అర్ధరాత్రి మూతపడింది. దానికి హ్యాష్ లెక్కించి వేరేచోట రాసిపెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత కూడా అది అదే ఫైల్ అని చూపించవచ్చు. డేటాబేస్ టేబుల్ అలా మూతపడదు. నిమిష నిమిషానికీ మారుతూ ఉంటుంది. అందులోంచి ఏరి తీసిన ప్రతికి హ్యాష్ వేయొచ్చుగానీ, తీసేలోపు ఎవరైనా ఒక వరుసను మార్చారా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. మార్చడం, చెరపడం డేటాబేస్‌కు వెన్నతో పెట్టిన విద్య. ఒక్క ఆదేశంతో ఒక మనిషి ఆనవాళ్లన్నీ తీసేయొచ్చు, గీత కొట్టిన గుర్తు కూడా మిగలదు. ఫైల్‌నూ మార్చవచ్చు, నిజమే. కానీ మూతపడిన ఫైల్‌ను వేరే యంత్రానికి పంపేసి, రాసే అనుమతి తీసేసి, హ్యాష్ దాచుకోవడం ఆ ఒక్క ఐటీ మనిషికి కూడా పదినిమిషాల పని.

సెర్ట్-ఇన్ ఆదేశాల్లో గడియారాల ప్రస్తావన కూడా ఉంది. సర్వర్ల సమయాన్ని నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ గడియారాలతో సరిచూసుకోవాలి. నేరుగా డేటాబేస్‌లోకి రాసేవాళ్లు ఇక్కడ తరచూ కాలుజారుతారు. వాక్యం టేబుల్‌కు చేరిన సమయాన్ని ఘటన జరిగిన సమయంగా నమోదు చేస్తారు. నెట్‌వర్క్ ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ వస్తే ఆ ఇరవై నిమిషాల ఘటనలన్నీ ఒకే క్షణంలో జరిగినట్టు కనిపిస్తాయి. ఒక యంత్రం భారత సమయంలో, ఇంకోటి అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో రాస్తే ఐదున్నర గంటల తేడా. రాత్రి ఒంటిగంట దొంగ సాయంత్రం ఏడున్నరకే వచ్చాడని రికార్డు చెబుతుంది. జరిగిన సమయం, చేరిన సమయం రెండూ వేర్వేరు కాలమ్‌లలో ఉండాల్సిందే.

డేటాబేస్‌లోనే ఉండాల్సిన లాగ్

ఒక రకం లాగ్‌కు మాత్రం ఇప్పటిదాకా చెప్పినదంతా తలకిందులవుతుంది. ఎవరు ఏ బిల్లులో ఏ అంకెను ఎప్పుడు మార్చారన్నది సర్వర్ లాగ్ కాదు, ఆడిట్ ట్రయల్. 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ట్యాలీ వాడేవారికి ఇది తెలిసిన సంగతే.

ఇది డేటాబేస్‌లోనే, బిల్లు మార్పుతో పాటు అదే లావాదేవీలో ఉండాలి. బిల్లు మారి ఎడిట్ లాగ్ రాకపోతే మోసానికి దారి. ఎడిట్ లాగ్ వచ్చి బిల్లు మారకపోతే అబద్ధం. రెండూ కలిసి నిలవాలి, లేదా కలిసి రద్దు కావాలి. ఇక్కడ రోల్‌బ్యాక్ వరం. అదే రోల్‌బ్యాక్ సర్వర్ లాగ్‌కు శాపం. ఈ రెండిటికీ ఇంగ్లిషులో లాగ్ అనే ఒకే మాట వాడడం వల్ల వచ్చిన గందరగోళం చిన్నది కాదు. టేబుల్ కట్టే ముందు చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకుంటే సగం తగువు తీరిపోతుంది.

మరి ఎలా పెట్టాలి

సాఫ్ట్‌వేర్ తన యంత్రంలోనే ఉన్న ఫైల్‌కు రాస్తుంది. వెనక చిన్న ప్రోగ్రాం ఒకటి ఆ ఫైల్‌ను చదువుతూ, వాక్యాలను కట్టలుగా కట్టి డేటాబేస్‌కు చేరవేస్తుంది. ఆర్‌సిస్‌లాగ్, ఫ్లుయెంట్ బిట్, వెక్టర్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఎంతవరకు పంపామో అవి గుర్తుపెట్టుకుంటాయి. డేటాబేస్ పడిపోతే ఆగి, లేచాక ఆగిన చోటు నుంచి అందుకుంటాయి. ఇందాక వదిలేసిన ప్రశ్నకు జవాబు ఇదే: వాక్యాలు కాసేపు ఆగాల్సిన చోటు ఫైల్. ఈ పద్ధతికి ఒక ధర ఉంది. యంత్రంలో జరిగినది టేబుల్‌లో కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. ఆదిత్యపూర్ యూనిట్‌కు ఆ సెకన్లతో వచ్చే నష్టమేమీ లేదు.

ఆ డేటాబేస్ బిల్లుల డేటాబేస్ కాకూడదు. వేరే యంత్రమైతే మంచిది, కుదరకపోతే కనీసం వేరే డిస్కు. టేబుల్‌ను రోజుకొకటి చొప్పున విభజించుకోవాలి. ఎందుకంటే పెద్ద టేబుల్ నుంచి 17 లక్షల పాత వరుసలను ఒక్కొక్కటిగా చెరిపితే పోస్ట్‌గ్రెస్‌లో వాటి శవాలు అక్కడే ఉంటాయి, వాటిని ఊడ్చడం మళ్లీ ఒక పని. రోజుకొక విభాగం ఉంటే 181వ రోజు విభాగాన్ని ఒక్క ఆదేశంతో తీసేస్తే క్షణంలో ఖాళీ. ఇండెక్సులు ఒకటో రెండో చాలు.

వాక్యాల సంఖ్య పది రెట్లు, వంద రెట్లు పెరిగితే అప్పుడు కాలమ్‌ల వారీగా నిల్వ చేసే డేటాబేస్‌ల గురించి ఆలోచించాలి. వీటిలో తేదీలన్నీ ఒకచోట, ఐపీలన్నీ ఒకచోట ఉంటాయి కాబట్టి బాగా కుదించుకుపోతాయి. సగటులు, మొత్తాలు అడిగితే అవసరమైన కాలమ్ మాత్రమే చదువుతాయి. రష్యా కంపెనీ యాండెక్స్‌లో పుట్టిన క్లిక్‌హౌస్ అలాంటిదే. దాంతో సెకనుకు 60 లక్షల వెబ్ అభ్యర్థనల లెక్కలు నడుపుతున్నామని క్లౌడ్‌ఫ్లేర్ 2018లో వెల్లడించింది. ఉబర్ కూడా తన లాగ్‌లను దానికే మార్చింది. అంత పెద్ద కంపెనీలు లాగ్‌లను డేటాబేస్‌లో పెట్టగా లేనిది మనం పెడితే తప్పేమిటని ఎవరైనా అడగవచ్చు. వాళ్లు పెట్టింది ఈ పని కోసమే కట్టిన డేటాబేస్‌లో, మధ్యలో ఆగే చోట్లు ఏర్పాటు చేసుకుని. బిల్లుల పక్కన ఒక టేబుల్ చేర్చి కాదు.

సులువుగా దొరకడంలోని ప్రమాదం

డేటాబేస్ వల్ల లాగ్‌లు వెతకడం సులువవుతుంది అన్నాం. ఆ సులువు అందరికీ సమానమే. యాభై యంత్రాల్లో చెదిరి ఉన్న ఫైల్‌లను చదవాలంటే దొంగకూ ఓపిక కావాలి. ఒక్క టేబుల్‌లో కుప్పపోస్తే ఒక్క ప్రశ్న చాలు. తమ అంతర్గత లాగ్‌లో యూజర్ల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా నమోదయ్యాయని 2018 మే నెలలో ట్విటర్ ప్రకటించి అందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. 2019 మార్చిలో ఫేస్‌బుక్ కూడా కోట్లాది మంది పాస్‌వర్డ్‌లు తమ అంతర్గత వ్యవస్థల్లో చదవగలిగే రూపంలో నిల్వయ్యాయని ఒప్పుకుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. లాగ్‌లో ఏం రాయకూడదో ఎవరూ ముందుగా కూర్చుని తేల్చుకోలేదు, అంతే.

పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ సంఖ్య, కార్డు వివరాలు ఫైల్‌లోకే రాకుండా సాఫ్ట్‌వేర్‌లోనే ఆపాలి. టేబుల్‌కు చేర్చేటప్పుడు తీసేద్దాం అనుకుంటే మూతపడిన ఫైల్‌లో అవి మిగిలిపోతాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు వ్యక్తుల డేటాను ఎవరు చూశారో తెలిపే లాగ్‌లను కనీసం ఏడాది ఉంచాలంటున్నాయి. కంపెనీలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. అవి అమల్లోకి వస్తే మన ఊహా యూనిట్‌కు వాటిలో కొంత భాగమైనా 180 రోజులు దాటి ఉంచక తప్పదు. ఉంచే కాలం పెరిగేకొద్దీ లోపల ఏముందన్నది మరింత ముఖ్యమవుతుంది.

ఇదంతా చేశాక ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. ఆదివారం పని లేని వేళ చూసుకుని, లాగ్‌ల డేటాబేస్ సర్వీసును పది నిమిషాలు ఆపేయండి. ఆ పది నిమిషాల్లో సాఫ్ట్‌వేర్‌లోకి రెండుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టండి, లేని పేజీ ఒకటి అడగండి. బిల్లుల పని ఏమాత్రం ఆగకూడదు. సర్వీసు మళ్లీ మొదలుపెట్టి, ఫైల్‌లో ఆ వ్యవధిలోని వాక్యాలు ఎన్నో, టేబుల్‌లో అదే వ్యవధిలోని వరుసలు ఎన్నో లెక్కపెట్టండి. రెండు సంఖ్యలూ ఒకటే కావాలి. ఆ రెండు తప్పు పాస్‌వర్డ్‌ల పక్కన ఉన్న సమయం, మీరు కొట్టినప్పుడు గోడ గడియారం చూపించిన సమయమే కావాలి.